చెరువు ఖాతాలో పాత బకాయి
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. ఉద్యోగమంతా జమాఖర్చులు రాసిన గుమాస్తాను. అందుచేత చెరువు సంగతిని కూడా ఖాతా లెక్కగానే మనవి చేస్తాను.

16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో కట్టిన హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు నగరానికి మంచినీళ్లిచ్చింది. తరువాత కూకట్‌పల్లి నాలా వంటివి అందులోకి మురుగు మోసుకొచ్చాయి. వేసవిలో ట్యాంక్‌బండ్ మీద నడిచేవారికి ఆ దుర్వాసన, నీటిపై పచ్చరంగు కలిపినట్టుండే తెట్టు తెలిసినవే. ఆ తెట్టు కంటికి ఆనని నాచు కోట్లుగా పెరిగి కట్టినది.

మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. తెట్టు కమ్మితే అడుగున మొక్కలకు వెలుతురు అందదు. అవి చస్తే వాటి చాటున బతికే పురుగులకు, చేపపిల్లలకు నీడ పోతుంది. నాచు పగలు ప్రాణవాయువు విడిచినా రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఈ సంగతి మన గోదావరి జిల్లాల చేపల రైతులనడిగితే చెబుతారు. రాత్రిళ్లు వారు ఏరేటర్లు తిప్పేది అందుకే. నాచు చచ్చి కుళ్లేటప్పుడు మిగిలిన ప్రాణవాయువు కూడా ఖర్చయిపోతుంది.

నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు విషం. 2014 ఆగస్టులో అమెరికాలోని ఈరీ సరస్సులో ఆ విషం చేరి, టొలీడో ప్రాంతంలో 4 లక్షల మందికి పైగా కుళాయి నీరు తాగవద్దన్నారు. కాచినా అది పోదు. 2020లో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో 300కు పైగా ఏనుగులు చనిపోగా, నీటిగుంటల్లోని ఈ విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కనుక పచ్చని తెట్టు ఉన్న నీటిలోకి మనుమలను, పశువులను దిగనివ్వకండి.

మరి మార్గం లేదా? ఉంది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మురుగును వాషింగ్టన్ సరస్సులో పడకుండా మళ్లించారు. కొన్నేళ్లలోనే నీరు తేటపడింది. జమ ఆపితే నిల్వ తగ్గుతుందన్నమాట. అయితే అడుగు బురదలో చేరిన భాస్వరం పాత బకాయి వంటిది. లోతు తక్కువైన చెరువుల్లో అది తీరడానికి చాలా ఏళ్లు పట్టవచ్చు. పైపైన తెట్టు తీసి, మందు చల్లి ఊరుకుంటే వచ్చే వేసవికి మళ్లీ మామూలే.

కావున నాదొక సూచన. మీ పేటలో శుద్ధి చేయని మురుగు ఏ చెరువులో పడుతున్నదో చూసి, తేదీ, స్థలం వివరాలతో అర్జీ పెట్టండి. నకలు దాచుకోండి. నెలకొక జ్ఞాపిక పంపండి. అర్జీ ఎలా రాయాలో, ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో మనకంటె తెలిసినవారెవరు? పదవీ విరమణ చేసింది ఉద్యోగానికే గాని ఊరికి కాదు.