తోక పోతే మళ్లీ మొలిచే పురుగు

మా బాలానగర్‌లో పవర్ ప్రెస్ మీద వేలు పోగొట్టుకున్న అన్నలు కనిపిస్తుంటారు. ఆ వేలు తిరిగి రాదు. మాక్రోస్టోమమ్ లిగ్నానో అనే సముద్రపు ఫ్లాట్‌వార్మ్‌కి మాత్రం తోక కోస్తే మళ్లీ మొలుస్తుంది!

ఇటలీలో లిగ్నానో తీరం దగ్గర దొరికింది, 2005లో ఆ ఊరి పేరే పెట్టారు. పొడవు రెండు మిల్లీమీటర్ల లోపే, ఒళ్లంతా గాజులా ఉంటుంది. బతికుండగానే మైక్రోస్కోప్‌లో లోపలంతా కనిపిస్తుంది. రిపేర్ చేసేది నియోబ్లాస్ట్‌లు, అంటే స్టెమ్ సెల్స్. 2017 నుంచి దీనికి బయటి జీన్ ఎక్కించి, కణాలను మెరిసేలా చేసి చూస్తున్నారు. మనం కోడ్‌లో లాగ్స్ పెట్టుకుంటాం కదా, అలాగన్నమాట.

కానీ మెలిక ఉంది. మెదడున్న ముందు భాగం మిగలాలి. తల పోతే కొత్తది రాదు. మంచినీటి ప్లనేరియాకి తల కూడా వస్తుంది. బెంగళూరు ఇన్‌స్టెమ్‌లో దాశరథి పాలకోడేటి ల్యాబ్ పనిచేసింది దాని మీదే. ఒకదానికి వచ్చేది ఇంకోదానికి ఎందుకు రాదు? అసలు ప్రశ్న అదే.

వేలు మొలిపించే మందంటూ ఎవడైనా అమ్మితే మాత్రం కొనకండి, అన్నలకీ చెప్పండి.