రాజీ గదిలో ఎవరున్నారు?

(ఓడలరేవు పేటలో చేసిన ప్రసంగ పాఠం)

 

శ్మశానం దారి గురించి మాట్లాడ్డానికి పోగయ్యాం, మధ్యలో ఇజ్రాయెల్ గొడవ మనకెందుకని కుర్రాళ్లు అడిగారు. మన ఆడాళ్లు కువైట్‌లో పాచిపని చేసి పంపిన డబ్బుతో ఈ పేటలో ఎన్ని ఇళ్లకి స్లాబు పడిందో లెక్కేసుకోండి. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగితే లక్షకు పైగా భారతీయులు జోర్డాన్ చేరి, అక్కణ్నుంచి విమానాల్లో ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తట్టు పెద్దోళ్ల లెక్క తప్పితే ఇక్కడ మన పొయ్యిలో పిల్లి లేవదు.

1991లో మాడ్రిడ్‌లో శాంతి సభ పెట్టారు. తర్వాత వాషింగ్టన్‌లో చర్చలు. పాలస్తీనా ప్రజల తరపున కూర్చున్నది గాజా డాక్టరు హైదర్ అబ్దుల్ షాఫీ. ఆక్రమణ కింద బతుకుతున్న మనిషి. తమ భూముల్లో ఇజ్రాయెల్ కాలనీలు కట్టడం ఆపాలని పట్టుబట్టాడు. అక్కడ ఆ చర్చలు నడుస్తుండగానే 1993 జనవరిలో నార్వేలో ఇంకో బల్ల వేశారు. ఇజ్రాయెల్ వైపు మొదట ఇద్దరు ప్రొఫెసర్లు, పి.ఎల్.ఓ. వైపు అహ్మద్ ఖురే. షాఫీకి చెప్పలేదు. సెప్టెంబరు 13న రాబిన్, అరాఫత్ చేతులు కలిపితే లోకమంతా చప్పట్లు కొట్టింది. కాగితాల్లో ఏముంది? పి.ఎల్.ఓ. ఇజ్రాయెల్‌ని దేశంగా గుర్తించింది. ఇజ్రాయెల్ మాత్రం పి.ఎల్.ఓ.ని ప్రతినిధిగా గుర్తించింది, పాలస్తీనాని దేశంగా కాదు. కాలనీలు ఆపుతామన్న మాటే లేదు. పదేళ్లు తిరిగేసరికి వెస్ట్ బ్యాంక్‌లో అలా వచ్చి కాపురం పెట్టినవాళ్లు సుమారు రెట్టింపయ్యారు.

మన ఢిల్లీ కూడా తక్కువ తిన్లేదు. 1977లో ఇజ్రాయెల్ మంత్రి మోషే దయాన్ గుట్టుగా వచ్చి మొరార్జీ దేశాయిని కలిసి వెళ్లాడు. జనానికి చెప్పలేదు. 1992 జనవరి 29న పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నది మన తెలుగువాడు పి.వి. నరసింహారావు ప్రభుత్వం. దానికి కొద్ది రోజుల ముందే అరాఫత్ ఢిల్లీ వచ్చాడు. అడగాల్సినవాణ్ని అడిగారనే అనుకుందాం. కువైట్‌లో గిన్నెలు తోమే మన అక్కని ఎవరడిగారు?

గుట్టుగా మాట్లాడటమే తప్పని మేం అనం. నలుగురి ఎదట ఎవడూ ఒక మెట్టు దిగడు. కానీ దెబ్బ తిన్నవాడు ఆ గదిలో ఉండాలి, లేదా బయటికొచ్చాక కాదనే హక్కన్నా ఉండాలి. మొన్నామధ్య మన తగువులో ఏం జరిగింది? మన పెద్దల్లో ఒకాయన్ని రాత్రిపూట ఊళ్లోకి పిలిపించారు. కాఫీ ఇచ్చారు, కుర్చీ కూడా వేశారు. (కుర్చీ చూసే సగం మెత్తబడ్డాడు పాపం!) తెల్లారేసరికి కేసు వాపసు. దెబ్బలు తిన్న కుర్రాడి తల్లికి ఆ సంగతి సంతలో తెలిసింది.

ఆదివారం శ్మశానం దారి మీద మధ్యస్తానికి రమ్మన్నారు. ఇద్దరు చాలన్నారు. మనం పేటంతా వెళదాం, ఆడాళ్లతో సహా. సర్వే నంబరెంత, దారి ఎన్ని అడుగులు, వానాకాలం కూడా వదుల్తారా, అన్నీ రాయించి, గట్టిగా చదివించాకే సంతకాలు. పోయినసారి నోటిమాట మీద వదిలిన దారిలో ఇప్పుడు కొబ్బరిమొక్కలు నడుమెత్తు లేచాయి.