దమ్ములో వేడెక్కు ట్రాక్టరు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సార్వా దమ్ములు సాగు దినములలో పెద్దలయొద్దకు ఒక తగవు తరచుగా వచ్చుచుండును. ఇంజను వేడెక్కి ట్రాక్టరు చేలో నిలిచిపోయినది, హెడ్డు పాడైనది. డ్రైవరుదే తప్పని యజమాని యనును. బండియే సరిగా లేదని డ్రైవరనును. నా ఆకుమడి ముదిరిపోవుచున్నది, నా గతి యేమని చేను రైతు మొఱ్ఱపెట్టును. మరమ్మతు ఖర్చు డ్రైవరు కూలిలో కోయవలెనని యజమాని పట్టుబట్టును. ఇట్టి తగవు తీర్చవలసిన మీరు ఇంజను ఏల వేడెక్కునో తెలిసికొనియుండుట అవసరము. తెలియక చేసిన తీర్పులో సాధారణముగా కూలివాడే నష్టపడును.

రోడ్డుపై పోవు జీపునకు ఎదురుగాలి కొంత సాయము చేయును. దమ్ముచక్రములు తగిలించుకొని మోకాటిలోతు బురదలో నడచు ట్రాక్టరునకు ఆ భాగ్యము లేదు. పని మిక్కుటము, నడక మందము. రేడియేటరు గుండా గాలిని లాగి వేడిని వెలుపలికి పంపు భారమంతయు ఒక్క ఫ్యాను మీదనే యుండును.

కాలువలో గుర్రపుడెక్క పట్టినపుడు పైన నీరుండియు శివారు చేనికి చేరదు గదా! రేడియేటరు సంగతియు నిట్టిదే. చక్రములు చిమ్మిన బురద, గడ్డి ముక్కలు, దుబ్బుల పొట్టు దాని రేకుల నడుమ చిక్కి, ఎండి, అట్టకట్టును. కనుక మొట్టమొదట చూడవలసినది దీనినే. ఇంజను చల్లారిన పిమ్మట ఫ్యాను వైపునుండి ముందునకు, అనగా గాలి వచ్చు దారికి ఎదురుగా, నీటిని మెల్లగా చిమ్మి కడుగవలెను. మేకుతో గీకినచో రేకులు వంగి దారి మరింత మూసికొనిపోవును. తరువాత ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. సుమారు అర అంగుళము దిగుట సాధారణము; అంతకంటె మిక్కిలి దిగినచో బెల్టు జారుచున్నదని అర్థము.

ఇక నీటి విషయము కోనసీమ వారికి మరింత ముఖ్యము. రాజోలు వైపు సముద్రతీర గ్రామములలో పెక్కు బోరుల నీరు ఉప్పన. తొందరలో ఆ నీటినే రేడియేటరులో పోయువారు కలరు. ఉప్పునీరు లోపలి లోహమును తినివేయును. బోరునీటిలోని సున్నము, అన్నము వండు గిన్నెకు పట్టినట్లే, గొట్టములలో తెల్లని పెచ్చుగా పట్టును. వేడి ఆ పెచ్చును దాటి రాజాలదు. శుద్ధజలములో కూలెంటు కలిపి పోయుట ఉత్తమము. అది లేనినాడు శుభ్రమైన పాత్రలో పట్టిన వాననీరు మేలు.

ఇవన్నియు సరిగానుండియు వేడెక్కుచున్నచో దోషము లోపలిది. ఇంజను కాగుచున్నను పై గొట్టము చల్లగానున్నచో థర్మోస్టాటు మూసికొనిపోయినదేమో చూడవలెను. ఇంజను నడచుచుండగా రేడియేటరు నీటిలో విడువక బుడగలు వచ్చినను, ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడినను హెడ్డు గ్యాస్కెట్టు పోయినదని అనుమానింపవలెను. ఆ పైన మెకానిక్కు పని.

మీటరు ముల్లు ఎఱ్ఱగీతకు చేరినచో దమ్ము ఆపి, భారము తీసి, కొలది నిమిషములు ఇంజనును నెమ్మదిగా తిరుగనీయవలెను. బెల్టు తెగినను, నీరు కారిపోయినను మాత్రము వెంటనే ఆపివేయవలెను. ఎంత తొందరయున్నను వేడిలో రేడియేటరు మూత తీయరాదు. మూత బిగించియున్నంతవరకు లోపలి నీరు ఒత్తిడి వలన నూరు డిగ్రీలు దాటియు మరగకుండును. మూత వదులైన క్షణమున ఆవిరియై ముఖముపైకి ఎగయును. కాగిన ఇంజనుపై చన్నీరు కుమ్మరించినచో హెడ్డు పగులవచ్చును. “త్వరగా కానిమ్ము” అని గట్టుపైనుండి కేకలు వేయు యజమానులు ఇది వినవలెను.

తీర్పు సంగతికి వత్తును. రేడియేటరు లోపల తెల్లని పెచ్చు దళముగా నున్నచో అది ఏండ్ల తరబడి పేరుకొన్నది. నిన్న వచ్చిన డ్రైవరుపై మోపరాదు. మీటరు పనిచేయక నెలలైనచో బాగుచేయింపని యజమానిదే బాధ్యత. ముల్లు ఎఱ్ఱగీతలో నుండగా చూచియు దమ్ము సాగించినచో డ్రైవరుకు పాలు కలదు; ఆపవద్దని చెప్పినదెవరో కూడ విచారింపుడు. (దమ్ముచక్రములతో మీ తారు రోడ్డు పాడుచేయు వారిపై మీకు గల కోపము వేరు, దానిని ఈ తగవులో కలుపకుడు.)

ట్రాక్టరు చేలకు మాత్రమే అక్కరకు వచ్చునది కాదు. 2022 జూలైలో గోదావరి వరద లంకలను ముంచినపుడు కారులు పోజాలని దారులలో మనుష్యులను, సామగ్రిని చేరవేసినదియు ఇదియే. వరదనీటిలో నడచిన బండి రేడియేటరును మరల దమ్ములోనికి దింపుటకు ముందు తప్పక కడిగింపుడు.

ఇపుడు ఆవరణలో ఒక ట్రాక్టరు నిలిపియున్నాము. అది ఉదయమనగా ఆపినది; పూర్తిగా చల్లారినది. మూత తీసి లోపలి పెచ్చు ఎట్లుండునో చూపెదము, రండు.