విత్తనపు గంప



ఏ విద్వాంసుని స్మృత్యర్థము ఏటేట ఈ ఉపన్యాసము జరుగుచున్నదో, ఆయన అర్థశాస్త్రమును గ్రంథములకంటె ముందు పల్లెటూరి అంగడి పద్దులలో చదివినవారు గావున, స్త్రీల స్వయంసహాయక సంఘములను గూర్చి పలుకబూనిన నేనును బ్యాంకు లెక్కలను కొంతసేపు పక్కన పెట్టి, జహీరాబాదు చెంత పస్తాపూరు పరిసర గ్రామములలోని విత్తనపు గంపను మీ ముందుంచెదను.

పొదుపు సంఘమనగానే మనకు రూపాయి స్ఫురించును. 1992లో నెల్లూరు జిల్లాలో సారాపై తిరుగబడిన స్త్రీలు, దుకాణము పాలగుచుండిన కూలిడబ్బులో దినమునకొక రూపాయి కూడబెట్టి 'పొదుపులక్ష్మి'ని నిలిపిన వృత్తాంతము ప్రసిద్ధమే; దానిని నేను తక్కువ చేయను. అయితే సంఘమను పేరు చాటున అప్పు ఎంతదూరము పోగలదో, 2010 అక్టోబరులో సూక్ష్మఋణ సంస్థల వసూళ్లను అదుపు చేయుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చినప్పుడు చూచితిమి.

పస్తాపూరు దారి వేరు. అచ్చటి దళిత స్త్రీలను సంఘములుగా కూర్చిన స్వచ్ఛంద సంస్థ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆరంభమైనది 1983లో. కిలో రెండు రూపాయల బియ్యపు పథకము మొదలైనదియు ఆ ఏడే. అది ఆకలికి మందే గాని, జొన్నరొట్టె తినెడి మెట్టసీమకు చౌకబియ్యము వచ్చిన కొలది, ఉన్న ఎకరమో రెండెకరములో దున్నక బీడు వదలుటయు పెరిగినది. దళిత స్త్రీల సంఘములు ఆ బీళ్లనే పట్టుకొన్నవి. దున్నకమునకు, ఎరువునకు అప్పిచ్చి, దానిని రూకలలో గాక జొన్నలలో రాబట్టి, ఊరిలోనే దాచి, పనులు దొరకని నెలలలో పేదలకు చౌకగా అందించిరి. ఎవరెంత పేదయో తేల్చినది తహసీలు కచేరి కాదు. ఊరి పటము వేసికొని ఇంటింటిని గుర్తించిన ఆ ఆడవారే.

ఇక గంప. వెదురుగంపకు పేడయు మట్టియు అలికి, ఆరిన పిదప గింజలను బూడిదతోను వేపాకుతోను కలిపి నింపి, మూతిని మరల మట్టితో మెత్తుదురు. లోపల పచ్చజొన్న, కొర్ర, సామ, కంది, అవిసె, ఏదైనను కావచ్చును. మానికెడు తీసికొన్నామె పంట యింటికి వచ్చిన తరువాత రెండు మానికెలు పోయవలెను. నూటికి నూరు వడ్డీ! షావుకారు సైతము అడుగ సిగ్గుపడును. అయినను ఎవరికిని బాధ లేదు. ఏలయన ఆ వడ్డీ కట్టునది భూమి, గింజకు పెక్కు గింజలిచ్చుట దాని స్వభావము. పైగా అది ఎవరి పెట్టెలోనికిని పోక, మరుసటి తొలకరికి మరియొకతె కొంగులో పడును. విత్తుల కొరకు ఆసామి వాకిట చేయి చాచి నిలువవలసిన అగత్యము ఆ విధముగా తప్పినది. ఆదాయము పెరుగుటకంటె నేను దీనినే ముందు లెక్కింతును.

2008లో మాచునూరున ఈ స్త్రీలకై వెలసిన సంఘం రేడియో, సొసైటీకి దక్కిన 2019 నాటి ఈక్వేటర్ బహుమతి పత్రికలకెక్కిన సంగతులే గావున విస్తరింపను. సంక్రాంతి వచ్చినదనగా ఈ గంపలు అలంకరించిన ఎడ్లబండ్లపై జాతరగా ఊరూరు తిరుగును. గంప ముందు నిలిచి వెల అడిగెడి పట్నవాసులును ఉందురు. వెల లేదు, పంట వచ్చిన పిదప రెండు మానికెలు తెచ్చెదనని మాట ఇచ్చుటకు వారికి చేను లేదు.