వంత లేని కథ: దాచుకున్న జబ్బు, ఊరి కళ

 ఇది మాస్టారి స్మారకోపన్యాసం. మాస్టారి పాండిత్యం సంగతి, ఆయన సేకరించిన పాటల సంగతి మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. నేను ఒక్క విషయమే చెబుతాను. ఆయన జేబులో ఎప్పుడూ ఒక సున్నపుకాయ ఉండేది. ఆయన తాంబూలం వేసుకోగా నేనెన్నడూ చూడలేదు. పదకొండేళ్ళు టేప్‌రికార్డరు మోసుకుంటూ ఆయన వెంట తిరిగాను, ఆ సున్నపుకాయ ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. ఆయన పోయాక అమ్మగారు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు. మూత తీస్తే మూర్ఛకు వేసుకునే మాత్రలు. ఊరూరా తిరిగి అందరి గొంతులూ పట్టుకొచ్చిన మనిషి తన సంగతి ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయారు. చెప్పలేదని ఆయన్ని తప్పుపట్టను. అడగని నా తప్పు గురించే ఇవాళ్టి నా మాటంతా.

ఆ అడగడం మన ఊరి కళలో ఏమైందో చూడాలంటే బుర్రకథ దగ్గర మొదలుపెట్టాలి. బుర్రకథ జంగం కథలోంచి వచ్చిందని, 1940లలో ప్రజానాట్యమండలి దాన్ని ఉద్యమాల్లోకి తెచ్చిందని, నాజర్ దాన్ని శిఖరానికి చేర్చారని మీకు తెలిసిందే. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కళాజాతాలు, వాచకంలోని ఒక పాఠం ఆడవాళ్ళను సారా మీదికి ఎలా కదిలించాయో, 1993లో సారా నిషేధం ఎలా వచ్చిందో కూడా తెలిసిందే. ఆ విజయం చూశాకే కళ అంటే మంచి ప్రచార సాధనమన్న నమ్మకం అధికారుల్లోనూ పండితుల్లోనూ గట్టిపడింది. నా తగువు ఆ నమ్మకంతోనే. ఆ తగువు ఈనాటిది కాదు.

మన దేశంలో హెచ్‌ఐవీ 1986లో చెన్నైలో మొదటిసారి బయటపడింది. తర్వాత పదేళ్ళకు మన పల్లెల్లో ఎయిడ్స్ మీద బుర్రకథలు మొదలయ్యాయి. నేను చూసినవాటిలో కథ దాదాపు ఒకటే: ఒక లారీ డ్రైవరు, దారితప్పడం, జబ్బు, చివర్లో చావు, భార్య ఏడుపు. ఒక రాత్రి నా ముందు కూర్చున్న ఒకావిడ చావు ఘట్టం రాకముందే పిల్లాణ్ణి భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయింది. ఎందుకు లేచిందో నాకు తెలియదు. కానీ ఆ రాత్రి నుంచి ఆ కథల్ని ఆవిడ కూర్చున్న చోటు నుంచి వినడం మొదలుపెట్టాను. జబ్బున్న మనిషి జనంలో కూర్చుని ఉంటే, వేదిక మీద తన చావును తానే వినాలి. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను విన్న కథల్లోనూ ఆ డ్రైవరు బతకలేదు. భయపెట్టిన కథ జబ్బును తగ్గించిందో లేదో గానీ, దాచుకునేవాళ్ళ గుట్టును మరింత లోతుకు తోసింది.

కథ జబ్బుమనిషి వైపు నుంచి రావాలని నేను మొదటిసారి అన్నప్పుడు వచ్చిన సమాధానం ఇది: రోగి తన బాధ తాను చెప్పుకుంటే అది వాంగ్మూలం అవుతుంది గానీ కళ కాదు. దీనికి తోడుగా సూసన్ సాంటాగ్‌ను చూపిస్తారు. ఆమె 1978లో జబ్బు చుట్టూ అల్లుకున్న ఉపమానాల మీద పుస్తకం రాసింది. అప్పటికే ఆమెకు క్యాన్సర్. పుస్తకంలో ఆ ముచ్చటే లేదు. 1989లో ఎయిడ్స్ మీద రాసిన పుస్తకంలో, రోగి ఏడ్చి, పోరాడి, ధైర్యం తెచ్చుకున్న సొంతకథ మరొకటి చెప్పడం వల్ల ప్రయోజనం లేదనుకున్నానని వివరణ కూడా ఇచ్చింది. అది నిజమే. కానీ ఆమె చుట్టూ అప్పటికే అలాంటి కథలు చాలా ఉన్నాయి కాబట్టి మరొకటి వద్దనగలిగింది. మన ఊరి కళలో మొదటిదాన్నే నేనింకా వినలేదు. పైగా ఆమె ఎదిరించింది ఇతరులు రోగి మీద రుద్దే ఉపమానాల్ని. మన బుర్రకథలో ఆ డ్రైవరు ఎవరనుకుంటున్నారు? అలా రుద్దిన ఉపమానమే.

గుండెపోటు, ఆ వెంటనే క్యాన్సర్ చూసిన ఆర్థర్ ఫ్రాంక్ 1995 నాటి పుస్తకంలో ఇంకో మాటంటాడు. జబ్బుపడ్డవాడి కథలో వినేవాడికీ బాధ్యత ఉంటుందని. ఈ మాట మన బుర్రకథకు బయటివాళ్ళు నేర్పాల్సింది కాదు. మన బుర్రకథలో వంత ఉన్నాడు.

ఇక్కడే నాకూ మిగతావాళ్ళకూ అసలు పేచీ. కథకుడు ఊపిరి పీల్చుకోవడానికే వంతలున్నారని, వాళ్ళ పని డక్కీ వాయించి ‘తందాన తాన’ అనడమేనని పాఠ్యపుస్తకాల్లో కూడా రాశారు. నేను ఒప్పుకోను. తంబురా పట్టిన కథకుడికి అటూ ఇటూ ఇద్దరుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథను ఆపి ‘అదెలా?’ అని అడిగే హక్కు ఆ ఇద్దరికీ ఉంది. ఊళ్ళోవాళ్ళ నోట్లోని అనుమానం వంత నోట పలుకుతుంది. బ్రెజిల్ దేశస్థుడు అగస్తో బోల్ 1970లలో, ప్రేక్షకుడు నాటకాన్ని ఆపి వేదికెక్కే ‘ఫోరం’ పద్ధతి తెచ్చాడని మనవాళ్ళు గొప్పగా చెబుతారు. బెంగాల్లో 1985లో మొదలైన ‘జన సంస్కృతి’ వాళ్ళు దాన్ని పల్లెల్లో ఆడుతున్నారు. మంచిదే. కానీ ఆ ఆపే చోటు మన కథలో ముందు నుంచీ ఉంది. ప్రచారపు బుర్రకథ చేసిన అన్యాయమల్లా ఆ చోటును మూసేయడమే. ఆఫీసులో రాసిచ్చిన స్క్రిప్టులో వంతకు అడగడానికి ఏమీ మిగల్లేదు. ‘ఆహా’ అంటాడు, ‘అయ్యో’ అంటాడు. జబ్బు దాచుకున్న మనిషికి ఉపదేశం కన్నా ముందు ఎవరో ఒకరు అడగడం కావాలి.

మన జాతరలు జబ్బును ఎప్పుడూ పాడాయి కదా, పోలేరమ్మ లేదా, ముత్యాలమ్మ లేదా అని ఇంకొందరంటారు. ఉన్నారు. కానీ వాళ్ళకు మొక్కింది మశూచికి. అది ముఖం మీద కనిపించేది, ఊరంతటినీ ఒకేసారి పట్టేది. ఊరు మొక్కుకుంది. కిడ్నీ జబ్బుకు అమ్మవారు లేరు. మూర్ఛకు బోనం ఎత్తరు. కనిపించని జబ్బుకు మన సంప్రదాయం పాట కట్టలేదు. అది మనం ఒప్పుకోవాలి.

బయటపడితే రోగికి హాని జరుగుతుందన్న అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం మనిషి ఒప్పుకోకుండా వాళ్ళ సంగతి బయటపెట్టకూడదంటోంది, సరిగ్గానే అంటోంది. అయితే గొంతు విప్పడమంటే ముఖం చూపించడమే కానక్కర్లేదు. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో పరిచిన ఎయిడ్స్ స్మారక బొంతలో 1,920 గుడ్డముక్కలున్నాయి. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, దాదాపు సమాధి కొలత. కొన్నింటి మీద పూర్తి పేరు లేదు. అయినా అది ఎవరి ముక్కో కుట్టినవాళ్ళకు తెలుసు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షాలో, హెచ్‌ఐవీ ఉన్న బంబనాని బృందం మహిళలు కాగితం మీద పడుకుని తమ ఒంటి నిలువెత్తు గీత గీయించుకున్నారు. ఆ గీత లోపల జబ్బు ఎక్కడుందో, బలం ఎక్కడుందో రంగులేశారు. గీత గీసేది పక్కమనిషి. ఆ పక్కమనిషినే నేను వంత అంటున్నాను.

ఇదంతా ఎందుకంటే, రెండేళ్ళుగా నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేస్తున్నాను. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. కానీ ఆ జబ్బు నొప్పి పెట్టదు. చాలావరకు పాడయ్యాకే తెలుస్తుంది. తెలిశాక, పెళ్ళికావలసిన పిల్లలున్న ఇళ్ళలో దాన్ని దాచేస్తారు. అక్కడ మేం బుర్రకథ ఆడటం లేదు, బొంత కుడుతున్నాం. మన ఆడవాళ్ళకు పాత చీరల బొంత కొత్తగా నేర్పాలా? ముక్క జబ్బుమనిషిది. పేరు కుట్టాలో వద్దో ఆమె ఇష్టం. కుడుతుంటే పక్కన కూర్చునే మనిషికి ఒకటే పని, అడగడం.

డయాలసిస్‌కు వెళ్ళే ఒకామె తన ముక్క మీద ఆకుపచ్చ దారంతో కొబ్బరిబొండం కుట్టి, దానిమీద ఎర్రదారంతో అడ్డంగా ఒక గీత కుట్టింది. పక్కన కూర్చున్న తోడికోడలు అడిగింది: “ఇదేటే, బొండం మీద ఈ గీతేటి?” ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. పొటాషియం వల్ల కొబ్బరినీళ్ళు ఒక్క గుటక తాగకూడదని డాక్టరు చెప్పాడు. నీళ్ళు కూడా గ్లాసుతో కొలుచుకునే తాగాలి. “మరి రాత్రి దాహమేస్తేనో?” అని తోడికోడలు మళ్ళీ అడిగింది. “నోరు పుక్కిలించి ఊసేస్తానక్కా,” అంది. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో తొమ్మిదేళ్ళున్న ఆ తోడికోడలికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆ మధ్యాహ్నమంతా అడుగుతూనే ఉంది, ఆమె చెబుతూనే ఉంది. ఆ ముక్క బొంతలో ఎక్కడ పడాలో ఇంకా తేలలేదు. నడిమధ్యలో కుట్టమని తోడికోడలు పట్టుబట్టింది.