కాగితానికెక్కని సేద్యం

విజ్ఞాన సర్వస్వాన్ని చదివేవారు అనేకులు. దానిని వ్రాసేవారు కొందరే. ఒకరు వ్రాసినదానిని సరిదిద్దటానికి ఓపికతో కూర్చునేవారు మరీ కొద్దిమంది. ఈ మూడవ తరగతివారి పని ఎట్టిదో, అందులోని చిక్కులెట్టివో, మా ఇరుగుపొరుగున జరిగిన ఒక చిన్న వృత్తాంతాన్ని ఆధారం చేసుకొని ఈనాడు మనవి చేయదలచినాము.

మా నివాసం నాచారంలో. ఒకప్పుడు జొన్నచేలు, వరిమళ్లు ఉండిన నేల ఇది. పిదప కర్మాగారాలు వచ్చినవి. వాటి వెనుక కాలనీలు వచ్చినవి. ఉప్పల్ నల్లచెరువు గట్టు మీద నిలిచి చూచినవారికి భూమి ఎంత త్వరగా రూపు మారునో ఎవరూ చెప్పనక్కరలేదు. 2017లో మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడవటం మొదలైన తరువాత ఆ మార్పు మరింత వేగం పుంజుకొన్నది. మా వీధిలో పుట్టి పెరిగిన పిల్లలలో చేను చూడనివారే ఎక్కువ.

అట్టి వీధిలోని ఒక యువకుడు, పట్టభద్రుడు, ఒక సాయంకాలం కొన్ని కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. తెలుగు వికీపీడియాలో పెట్టటానికి తాను ఒక వ్యాసాన్ని సంస్కరించి వ్రాసినాననీ, భాష సరిచూడవలెననీ కోరినాడు. వ్యాస విషయం జహీరాబాదు ప్రాంతంలో పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. అతని తల్లి పుట్టినిల్లు ఆ ప్రాంతపు పల్లె. నగరానికి తూర్పు కొసన కూర్చొని, పడమట నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలోని నేలను గురించి అతడు వ్రాయబూనటానికి అదియే కారణం.

తెలుగులో విజ్ఞాన సర్వస్వ నిర్మాణం కొత్త పని కాదు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టి, ఆ మహాకార్యం అసంపూర్ణంగా ఉండగనే 1923లో స్వర్గస్థులైనారు. తరువాతి తరంలో సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం హైదరాబాదు నుండి వెలువడినది. తెలుగు భాషా సమితి వారు ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క సంపుటం చొప్పున ప్రకటించినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. అచ్చు పుస్తకంలో తప్పు దొర్లితే మరల అచ్చు వేసేవరకు అది అట్లే ఉండేది. ఇప్పుడు ఏ తప్పునైనను ఆ రాత్రికే దిద్దవచ్చును; ఏ ఒప్పునైనను ఆ రాత్రికే చెరపవచ్చును. అందుచేత వ్రాసేవాని బాధ్యత తగ్గలేదు, పెరిగినది.

అతని ప్రతిని చదివినాము. భాష చక్కగానే ఉన్నది. కాని మొదటి వాక్యంలోనే ఆ సంస్థ "పేదల పాలిటి కల్పవృక్షం" అయినది. రెండవ వాక్యంలో "అద్వితీయం", మూడవదానిలో "అమోఘం". "నాయనా, ఈ వ్యాసం చదివినవానికి ఆ సంస్థ మీద నీకు గౌరవమున్నదని తెలిసినది. ఆ సంస్థ ఏమి చేసినదో మాత్రం తెలియలేదు" అన్నాము. అతడు నవ్వి కలం తీసినాడు. కల్పవృక్షం పోయినది. దాని స్థానంలో ఇట్లు నిలిచినది: 1983లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ; జహీరాబాదు ప్రాంతపు గ్రామాలలో, ముఖ్యంగా దళిత స్త్రీల సంఘాలతో కలసి, మెట్ట సేద్యం, విత్తనాలు, ఆహారం మొదలైన విషయాలలో పనిచేయుచున్నది. ఈ వాక్యంలో అలంకారం లేదు. కాని ప్రశ్నించినవారికి దీనిలోని ప్రతి మాటకూ సమాధానం చెప్పవచ్చును.

తరువాత అంకెలు. సుమారు 75 గ్రామాలు, 5,000 మంది స్త్రీలు అని ప్రతిలో ఉన్నది. ఇది ఆ సంస్థ తనను గురించి తాను చెప్పుకొన్న లెక్క. అట్లే వ్రాయవలెను గాని, ఆకాశవాక్కువలె వ్రాయరాదు. ఆ లెక్క ఏ సంవత్సరానిదో కూడ చెప్పవలెను. సంఘంలో సభ్యులు చేరుచుందురు, మానుచుందురు. సంవత్సరం లేని అంకె ముల్లు లేని గడియారం వంటిది. మా ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నది. అక్కడ నేర్చినవాడు గొలుసు ఎక్కడ మొదలుపెట్టినాడో చెప్పకుండా పొలం కొలత చెప్పడు. వ్యాసకర్తకు కూడ ఆ నియమమే వర్తించును. జిల్లా పేరు సంగతి కూడ ఇంతే. జహీరాబాదు 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలోనిది, ఆ పిమ్మట సంగారెడ్డి జిల్లాలోనిది. 1983 నాటి సంగతిని నేటి జిల్లా పేరుతో మాత్రమే చెప్పినచో, పాత పత్రాలు వెదకేవాడు దారి తప్పును.

అసలు లోపం ఇంకొకచోట ఉన్నది. ఆ యువకుడు ఆంగ్ల వ్యాసాలను నమూనాగా పెట్టుకొన్నాడు. ఇంగ్లండులో 1895లో స్థాపించబడిన నేషనల్ ట్రస్టు వంటి సంస్థలు భూమిని కొని, లేదా దానంగా పొంది, దానిని చెడకుండ కాపాడుచుండును. అట్టి సంస్థను గురించి వ్రాసేటప్పుడు ఎన్ని ఎకరాలు, ఎన్ని అడవులు, ఎన్ని తీరాలు అని చెప్పుట సమంజసం. మనవాడు కూడ "సంస్థ అధీనంలోని భూమి" అని ఒక శీర్షిక పెట్టి, దాని క్రింద ఏమి వ్రాయాలో తోచక ఖాళీగా విడిచినాడు. ఖాళీగా ఉండుటకు కారణం సమాచారం లేకపోవటం కాదు. శీర్షికయే తప్పు. అక్కడ భూమికి కాపలా కాచినది సంస్థ కాదు. భూమి ఆ స్త్రీలది. వారిలో పలువురికి ఉన్నది ప్రభుత్వం పేదలకు పంచిన చెలకలు: పలుచని మట్టి, రాళ్లు, వాన వచ్చినప్పుడెల్ల కొట్టుకొనిపోవు పైపొర. పట్టా చేతికి వచ్చినను పెట్టుబడి లేక అవి పడావు పడియుండెను.

భూమిని ఇచ్చుట ఒకటి, నిలబెట్టుట ఒకటి. ఉప్పల్‌కు తూర్పు దిక్కున ఉన్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారి ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు దానం చేసినారు. భూదానోద్యమం ఆ దినాన పుట్టినది. దానం పొందినవాడు దున్నటానికి ఎడ్లు, చల్లటానికి విత్తనాలు ఎక్కడివి అను ప్రశ్న కూడ దానితోనే పుట్టినది. జహీరాబాదు సంఘాల పని ఆ రెండవ ప్రశ్నకు ఒక సమాధానం. వ్యాసంలో ఖాళీగా ఉన్న శీర్షికను కొట్టివేసి, "పడావు భూముల పునరుద్ధరణ" అని వ్రాయించినాము.

ఆ శీర్షిక క్రింద చెప్పవలసినది చాలా ఉన్నది. రాళ్లు ఏరి గట్లు వేయుట, వాననీటి పరుగు తగ్గించుట, పశువుల ఎరువు తోలుట, పిమ్మట ఒకే చేనిలో జొన్న, కొర్ర, సామ, కంది, పెసర వంటి పలు గింజలను కలిపి వేయుట. కంది వేరు లోతుకు పోవును. జొన్న వేరు అంత లోతుకు పోదు. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఒక పంట పోయినను ఒకటి దక్కును. 1990 దశకంలో ఆ పల్లెలలో ఏర్పరచిన ధాన్యనిధి పద్ధతి మరింత గమనించదగినది. పడావు చేను సాగుకు తెచ్చుకొనుటకు రైతుకు అప్పు ఇత్తురు. ఆ అప్పును రూపాయలలో కాక, కొన్ని సంవత్సరాలపాటు జొన్నల రూపంలో ఊరి నిధికి తీర్చవలెను. ఆ జొన్నలను నిలువచేసి, ఊరిలో ఎవరు పేదలో ఊరివారే నిర్ణయించి, పని దొరకని నెలలలో వారికి చౌక ధరకు అమ్ముదురు. బీడు భూమి సాగైనది. ఆ సాగులోనుండి ఆకలికి గింజ వచ్చినది. ఈ నాలుగు వాక్యాలు వ్యాసానికి వెన్నెముక. మొదటి ప్రతిలో ఇవి లేవు.

ప్రతిలో మరొక వాక్యం మమ్ములను సిగ్గుపడజేసినది. మాచునూరు గ్రామంలో సంఘ స్త్రీలు నడిపే సంఘం రేడియో "భారతదేశంలో మొట్టమొదటి సామాజిక రేడియో" అని అతడు వ్రాసినాడు. ఎక్కడిది ఈ మాట అని అడిగినాము. "మీరే ఒక ప్రసంగంలో అన్నారు సార్" అన్నాడు. నిజమే. ఉత్సాహంలో అన్నాము. అన్నా విశ్వవిద్యాలయం వారి సామాజిక రేడియో 2004 ఫిబ్రవరిలోనే చెన్నైలో ఆరంభమైనది. అప్పటికి అనుమతి విద్యాసంస్థలకే ఉండెను. స్వచ్ఛంద సంస్థలకు అవకాశం 2006లో కలిగినది. సంఘం రేడియో 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్‌జ్ మీద ప్రసారం మొదలుపెట్టినది. ఊరి స్త్రీలు తమ భాషలో తామే నడుపుకొనే కేంద్రం అది. ఈ గౌరవం చాలును. లేని ప్రథమస్థానం దానికి అవసరం లేదు. గాలిలోకి విడిచిన మాట పోయినదనుకొన్నాము. అది మా వీధి యువకుని కాగితంలో మొలిచి మరల మా ఎదుటికి వచ్చినది.

విమర్శ సంగతి కూడ వచ్చినది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించినప్పుడు ఈ సంస్థ దానిని గట్టిగా వ్యతిరేకించినది. వరంగల్ ప్రాంతపు రైతులకు నష్టం కలిగినదని నివేదికలు ప్రకటించినది. ఆ విత్తనాన్ని సమర్థించినవారు ఆ నిర్ణయాలను అంగీకరించలేదు. అభిమానంచేత ఈ వివాదాన్ని దాచినచో వ్యాసం ప్రచార పత్రమగును. ఇరువురి వాదమూ, ఎవరు ఎప్పుడు అన్నారో చెప్పి వ్రాయవలెను. సంస్థాపకులలో ఒకరైన పి. వి. సతీష్ గారు పూర్వాశ్రమంలో దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాత. 2023 మార్చి 19న కన్నుమూసినారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి సంస్థకు లభించినది. ఇట్టివి సంవత్సరంతో సహా ఒక్కొక్క వాక్యంలో చెప్పిన చాలును.

ఇంతవరకు సులభమే. చిక్కు చివర వచ్చినది. ఆ యువకుని వ్యాసంలో ఒక పేరా తన తల్లి చెప్పినది. పడావు చేనిలో మొదటి సంవత్సరం రాళ్లు ఏరుట, గంపలతో ఎరువు మోయుట, ఆ యేడు పండిన జొన్నలను ఇంటిలో మొదట ఎవరికి పెట్టినదీ. వ్యాసమంతటిలో ప్రాణమున్నది ఆ పేరాయే. కాని విజ్ఞాన సర్వస్వ నియమం కఠినమైనది: ఎక్కడనో ప్రకటితమై, చదువరి సరిచూచుకొనగల ఆధారమున్న విషయమే అందులో ఉండవలెను. స్వయంగా విన్నది, కన్నది చెల్లదు. పైగా తన కుటుంబాన్ని గురించి తానే వ్రాయుట తగదు. ఆ పేరా తీసివేయవలెనని చెప్పినాము.

మరునాడు ఆ తల్లిగారే వచ్చినారు. కోపంగా రాలేదు. గుమ్మం దగ్గర నిలిచి ఒక్క మాట అడిగినారు: "కాయితంల లేకపోతే మేం దున్ననట్టేనా సారూ?"

దానికి తక్షణం సమాధానం చెప్పలేకపోయినాము. ఆ నియమం లేనిచో ఎవరికి తోచినది వారు వ్రాయుదురు. భూకామందు తన కథ వ్రాయును, వ్యాపారి తన ప్రకటన వ్రాయును, అన్నిటికీ ఒకే విలువ వచ్చును. కనుక నియమం మంచిదే. కాని అక్షరం రానివారి శ్రమ అక్షరస్థుల పుస్తకాలలో ఎక్కక, ఎక్కలేదు గనుక జరగలేదన్నట్లు అగుట న్యాయం కాదు. ఆలోచించగా తప్పు నియమంలో లేదనీ, నియమానికి ముందు జరగవలసిన పనిని మనవంటివారు చేయలేదనీ తోచినది. వినవలసినవారు వినలేదు, విన్నవారు వ్రాసి ప్రకటించలేదు.

అందుచేత మేము చేయగల పని ఒకటి చేసినాము. ఆమెను కూర్చుండబెట్టి, ఆమె మాటలను ఆమె భాషలోనే, తేదీతో, స్థలంతో శబ్దముద్రణ చేసినాము. చివరకు దానిని ఆమెకే వినిపించినాము. రెండు చోట్ల ఆమె మమ్ములను సరిదిద్దినారు. మేము ఎకరాలన్నచోట ఆమె చెప్పినది గుంటలు. అది ప్రసారమై, అచ్చులో వచ్చినప్పుడు, ఆమెతోనూ మాతోనూ సంబంధం లేని మరొకరు ఎవరైనా దానిని చూచి, "ఒక సభ్యురాలు ఇట్లు చెప్పినది" అని తగినంత మేరకు వ్యాసంలో చేర్చవచ్చును. చేర్చక పోవచ్చును కూడ. ఆ నిర్ణయం మాది కాదు.

వ్యాసం నుండి ఆ పేరా తొలగినది. వ్యాసం మునుపటికంటె చిన్నదైనది, గట్టిదైనది. శ్రోతలలో ఎవరి ఇంటనైనా అట్టి తల్లి, అవ్వ, తాత ఉన్నచో, ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ చేను అని అడిగి వ్రాసి ఉంచుడని మా ప్రార్థన. మా ఉప్పల్, నాచారంలలో చేలు ఇప్పుడు లేవు. అవి దున్నినవారు కొందరు ఇంకా ఉన్నారు.