‘అకిరా’ చిత్రం ఏ వయసువారికి?
జపాన్ యానిమేషన్‌ను అనిమే అంటారు. బొమ్మల చిత్రమైనంత మాత్రాన అది పిల్లలదేనన్న భావన సరికాదు. కత్సుహిరో ఓటోమో తన మాంగా, అంటే బొమ్మల కథ, ఆధారంగా 1988లో తీసిన ‘అకిరా’, మహా విస్ఫోటంలో నశించిన టోక్యో స్థానంలో వెలసిన నగరం 2019లో మళ్లీ కూలిపోవడాన్ని చూపే ప్రళయగాథ. ప్రధాన పాత్రలు కౌమార వయస్కులే అయినా, రక్తపాతం, మాదకద్రవ్యాలు, ఒక అమ్మాయిపై దౌర్జన్యం, అదుపు తప్పి వికృతంగా ఉబ్బే శరీరం ఇందులో ఉన్నందున, అమెరికాలో దీనికి ‘ఆర్’ శ్రేణి, అంటే 17 ఏళ్ల లోపువారు పెద్దల తోడుతోనే చూడాలన్న వర్గీకరణ లభించింది. అధికార దాహాన్ని, స్నేహాన్ని లోతుగా పరిశీలించే ఈ కృతిని పదహారు దాటిన పిల్లలతో తల్లిదండ్రులు కలిసి చూసి చర్చించడం మేలు. పదమూడేళ్లవారికి మాత్రం ఇది తగదు.